వచ్చాడా, వచ్చిందా?

హాంకాంగ్‌లో ఆ సినిమా వీసీడీ మొదటిసారి పెట్టుకున్న రోజు హీరో రెండు భాషల్లో ఒకేసారి మాట్లాడాడు. నాకు రెండూ రావు కాబట్టి ఇదేదో ఇక్కడి పద్ధతేమో అనుకుని పది నిమిషాలు అలాగే చూశాను. ఒకే పెళ్లిలో ఇద్దరు పురోహితులు పోటీపడి మంత్రాలు చదువుతున్నట్టుంది. ఎదురింటి పెద్దావిడ, పోపో, నా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు వింది, నెత్తి కొట్టుకుంది, లోపలికొచ్చి నా చేతిలో రిమోట్ లాక్కుని ఒక బటన్ నొక్కింది. ఒక గొంతు ఠక్కున ఆగిపోయింది. మిగిలింది కాంటనీస్, హాంకాంగ్ జనం భాష.

అప్పట్లో హాంకాంగ్ వీసీడీలన్నీ దాదాపు అంతే. ఒక స్పీకరు వైపు కాంటనీస్, ఇంకో స్పీకరు వైపు చైనా అధికార భాష మాండరిన్. ఎటో ఒకటి నొక్కుకోకపోతే రెండూ కలిసి మోగుతాయి. సినిమా రెండు డిస్కుల మీద ఉండేది. మంచి పట్టులో ఉండగా మొదటిది అయిపోయేది, లేచి మార్చుకోవాలి. మన ఇంటర్వెల్ అనుకుంటే సరి, సమోసా ఒక్కటే తక్కువ.

అది 1996. పెళ్లయి ఏడాది. మా ఆయన ఉద్యోగం వల్ల కౌలూన్ సిటీలో నాలుగో అంతస్తులో, లిఫ్ట్ లేని పాత ఇంట్లో ఉండేవాళ్లం. కైతాక్ విమానాశ్రయం పక్కనే. విమానాలు మా డాబాల మీదుగా ఎంత కిందగా దిగేవంటే, బట్టలారేసే వెదురు కర్రకి తగులుతుందేమో అని మొదటి వారం నేను నిజంగానే వంగి కూర్చునేదాన్ని. చప్పుడొస్తే మాట ఆపేయడం, పోగానే ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకోవడం ఆ పేటలో అందరికీ అలవాటు. టీవీ చూస్తున్నా అంతే, పాజ్ నొక్కి ఎదురుచూడటమే.

పోపో అంటే అమ్మమ్మ అని. ఆవిడ పేరు పోస్టు డబ్బా మీద చైనా అక్షరాల్లో ఉండేది కానీ నేనెప్పుడూ పేరుతో పిలవలేదు. ఆవిడ నన్ను 'ఆ ముయ్' అనేది, చెల్లాయ్ అన్నట్టు. కుర్రతనంలో సాన్ పో కాంగ్‌లో ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో పనిచేసిందట. ఒకప్పుడు ప్రపంచంలో సగం ఇళ్లల్లో ఉన్న ప్లాస్టిక్ గులాబీలు మా చేతుల మీదుగా పోయినవే అని చెప్పుకునేది. బుధవారం రాత్రి గుర్రప్పందేలు ఉంటే మాత్రం తలుపు తీసేది కాదు.

ఆ సినిమా పేరు కాంటనీస్‌లో 'గమ్ జీ యుక్ యిప్'. మాటకి మాట పెడితే బంగారు కొమ్మ, పచ్చరాతి ఆకు. రాజవంశంలో పుట్టిన సుకుమారిని అలా అంటారట. ఇంగ్లీషు పేరు 'హీ ఈజ్ ఎ ఉమన్, షీ ఈజ్ ఎ మాన్'. 1994లో వచ్చింది, దర్శకుడు పీటర్ చాన్. అప్పటికి నాకు హాంకాంగ్ సినిమా అంటే గాల్లో ఎగిరి తన్నుకోవడమే. ఇందులో ఎవరూ ఎవర్నీ తన్నరు. ఫ్లాట్లలో కూర్చుని మాట్లాడుకుంటారు, పియానో వాయిస్తారు, రాత్రిళ్లు నిద్రపట్టక దొర్లుతారు.

కథ చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒక ఇబ్బంది ఉంది, దాని దగ్గరికి వస్తాను. సామ్ పేరుమోసిన సంగీత దర్శకుడు, లెస్లీ చ్యుంగ్ వేశాడు. అతను పైకి తెచ్చిన గాయని రోజ్, అతని ప్రియురాలు కూడా. అది కరీనా లావ్. వీళ్లిద్దరికీ వింగ్ అనే పిచ్చి అభిమాని ఉంటుంది. గోడల నిండా వాళ్ల ఫొటోలే. లోకంలో అంత చక్కని జంట లేదని నమ్మకం. సామ్ ఓ మామూలు కుర్రాణ్ణి తీసుకుని గాయకుణ్ణి చేస్తానని ఆడిషన్ పెడతాడు. మగపిల్లలకే. రోజ్‌ని దగ్గర్నుంచి చూడొచ్చన్న ఆశతో వింగ్ మగ వేషం కట్టుకుని వెళ్తుంది. స్నేహితుడు (జోర్డాన్ చాన్) నడక నేర్పుతాడు, కూర్చునే తీరు నేర్పుతాడు. గొంతు అంతంత మాత్రమే అయినా ఎంపికైపోతుంది. సామ్ ఇంట్లోనే మకాం. ఆ తర్వాత సామ్‌కి మొదలవుతుంది కంగారు. ఈ కుర్రాడి మీద నాకెందుకింత ధ్యాస? నేను అలాంటివాణ్ణా?

వింగ్‌గా అనిటా యువెన్. 1990లో మిస్ హాంకాంగ్ అయిన అమ్మాయి. అందాల కిరీటం పెట్టుకున్న మనిషి జుట్టు కత్తిరించుకుని, చొక్కా వదులుగా తొడుక్కుని, కాళ్లు బారజాపి కూర్చుని, ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మాత్రం చటుక్కున కాళ్లు దగ్గరికి తీసుకుంటుంది. నాకు ఆ కాళ్లు దగ్గరికి తీసుకోవడమే ఇష్టం. 1995లో హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి బహుమతి ఆమెకే వచ్చింది, అదీ వరసగా రెండో ఏడు.

నా కాంటనీస్ చదువంతా ఆ డిస్కులతోనే. కింద చైనా అక్షరాలతో పాటు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కూడా ఉండేవి. చదవడం, వెనక్కి తిప్పడం, వినడం, పోపో దగ్గరికెళ్లి అప్పజెప్పడం. ఆవిడ పడీ పడీ నవ్వేది. లెస్లీ అసలు పేరు చ్యుంగ్ గ్వోక్ వింగ్. సినిమాలో అమ్మాయి పేరూ వింగే. నా చెవికి రెండూ ఒకటే, ఆవిడకి మాత్రం కానే కాదు. ఒకటి కిందికి జారే స్వరం, ఒకటి తిన్నగా పోయే స్వరం. నేను హీరోని పొగిడితే ఆవిడ హీరోయిన్ని తలుచుకునేది. ఇలా ఎన్ని వారాలు మాట్లాడుకున్నామో.

అందులో ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. 'కోయ్'. ఎవరి గురించి చెప్పినా కోయే. సామ్ కోయ్, రోజ్ కోయ్, వింగ్ కోయ్. అతను, ఆమె అని రెండు మాటలు లేవు. క్రియ కూడా ఎవరికైనా ఒక్కటే. అంటే వింగ్ గురించి ఆ సినిమాలో ఎవరు ఏం మాట్లాడుకున్నా అబద్ధం ఆడినట్టు కాదు! వేషం తెలిసిన స్నేహితుడూ కోయ్ అనే అంటాడు, తెలియని సామూ కోయ్ అనే అంటాడు. కింద ఇంగ్లీషు రాసినవాడికే చచ్చే చావు, వాక్యం వాక్యానికీ ఏదో ఒక పక్షం తేల్చాలి.

మనకీ అదే చావు. ఆ మాటకొస్తే ఇంకా ఘోరం. మనకి క్రియలోనే ఉంటుంది గుట్టంతా. వచ్చాడు అంటే మగ, వచ్చింది అంటే ఆడ. (ఆడమనిషికీ ఆర్టీసీ బస్సుకీ ఒకే క్రియ ఏమిటని నాకు చిన్నప్పటి నుంచీ ఒక ఫిర్యాదు ఉంది, అది ఇంకోసారి.) ఆ సినిమా కథ తెలుగులో గుట్టు బయటపడకుండా చెప్పడం ఎంత కష్టమో మా అమ్మ వచ్చినప్పుడు తెలిసింది.

దానికి ముందు నా జుట్టు సంగతి చెప్పాలి. సినిమా పిచ్చి ముదిరి, 1998లో ఓ రోజు మా వీధి చివర సెలూన్‌కి వెళ్లి, కొంచెం పొట్టిగా కత్తిరించమన్నాను. 'కొంచెం' అన్న ముక్క నేను సరిగ్గా పలకలేదో, అతను సరిగ్గా వినలేదో. లేచి అద్దంలో చూసుకుంటే ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు కనిపించాడు. కూరల బజారులో చేపలమ్మే ఆవిడ తలెత్తకుండానే 'లెంగ్ జాయ్' అని పిలిచింది. అందగాడా అని. తలెత్తాక నాలిక కరుచుకుని, ఓ కట్ట ఆకుకూర ఊరికే ఇచ్చింది. చేపలు తినని మాకు అంతకన్నా ఏమిస్తుంది?

ఇంతలో అమ్మ వచ్చింది. బాపట్ల నుంచి మద్రాసు, అక్కడి నుంచి విమానం. ఆవిడ ఒంటరిగా అంత దూరం రావడం అదే మొదలు. కైతాక్‌లో బళ్లు తోసుకుంటూ జనం వస్తున్నారు. అమ్మ కనిపించింది. ఆవకాయ జాడీ సంచి చంకలో, చూపులేమో జనం మీద. నా మొహం మీద నుంచి ఆ చూపు తిన్నగా వెళ్లిపోయింది. నేను చెయ్యి ఊపాను. ఎవరో కుర్రాడు ఎవర్నో పిలుస్తున్నాడనుకుని పక్కకు జరిగి దారిచ్చింది. "అమ్మా" అనేసరికి గుర్తుపట్టి, మాట రాక, నా వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంది.

"జడేదే?"

ఇంటికి వచ్చేవరకూ ఇంకేమీ మాట్లాడలేదు. ఆ దెబ్బకి మా ఆయన నాలుగు రోజులు ఇంట్లో చాలా మర్యాదగా మసలుకున్నారు.

అమ్మకీ పోపోకీ మధ్య ఒక్క మాటా కలవదు. అయినా రెండో రోజుకల్లా అమ్మ ఆవిణ్ణి వదినగారూ అనేసింది. పోపో రాగానే అడిగే మొదటి మాట 'సిక్ జో ఫాన్ మేయ్ ఆ', అన్నం తిన్నావా అని. అది వాళ్లకి నమస్కారం లాంటిది. అర్థం చెప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "ఇదిగో, ఇదీ మర్యాదంటే" అంది, నా క్రాపు వంక చూస్తూ. ఆ ఒక్క వాక్యం రెండు రోజుల్లో పట్టేసింది. పొద్దున లేస్తూనే ఎదురు తలుపు కొట్టి అడిగేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఇద్దర్నీ కూర్చోబెట్టి సినిమా పెట్టాను. పోపోకి నోటికి వచ్చు. అమ్మకి నేను చెప్పాలి.

"వింగ్ ఆడిషన్‌కి వచ్చాడమ్మా."

"వచ్చాడేంటే? ఇందాక ఆడపిల్లన్నావుగా?"

"ఆడపిల్లే. మగ వేషం కట్టుకుంది."

"అయితే వచ్చింది అనాలి."

"సామ్‌కి తెలియదు కదా."

"నాకు తెలుసుగా!"

సరేనని వచ్చింది, పాడింది, పడిపోయింది అని చెప్తూ పోతే, సామ్ కంగారు దగ్గరికి వచ్చేసరికి అమ్మకి కథ అడ్డం తిరిగింది. "ఆడపిల్ల మీద మనసు పడితే ఏడవటం దేనికీ, పెళ్లి చేసుకోక?" నేను వచ్చింది అంటున్నంత సేపూ సామ్ బాధ ఆవిడకి అందట్లేదు. వచ్చాడు అంటే వింగ్ బాధ అందట్లేదు. నేను డిస్కు ఆపేశాను. పైన విమానం పోతోంది. చప్పుడు తగ్గాక అమ్మే తోవ చూపించింది.

"గారు పెట్టవే, గొడవ వదిలిపోతుంది. వింగ్ గారు వచ్చారు, అను."

అలా రెండో డిస్కు మొత్తం వింగ్ గారు వచ్చారు, వింగ్ గారు పాడారు, వింగ్ గారు అద్దం ముందు నిలబడి ఏడ్చారు. పాతికేళ్లు లేని పిల్లకి అంత మర్యాద హాంకాంగ్‌లో ఎవరూ చేసి ఉండరు. నవ్వొచ్చేది కానీ పని జరిగింది. అమ్మకి సామ్ మీద జాలి పుట్టింది. రోజ్ మీదా పుట్టింది. ఎరిక్ త్సాంగ్ వేసిన పాత్ర ఒకటి ఉంటుంది, మగవాళ్లని ఇష్టపడే మనిషి, అందరూ ఆంటీ అంటారు. మొదట్లో నవ్వించడానికే పెట్టారనిపిస్తుంది గానీ, సామ్ మనసు చదివేది చివరికి ఆ మనిషే. అమ్మ ఆయన్ని చూసి "ఈయన బాగా చెప్పాడు" అంది. వచ్చాడా వచ్చిందా అని ఆ ఒక్కరి విషయంలో అడగలేదు.

ఇక చివర్లో సామ్ చెప్పే మాట. హాంకాంగ్‌లో దాన్ని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. పోపో ముందే పెదవులు కదుపుతోంది. నేను చెప్పాను:

"మగైనా సరే, ఆడైనా సరే, నువ్వంటే నాకిష్టం, నాకు తెలిసిందంతే, అంటున్నాడమ్మా."

అమ్మ కాసేపు ఊరుకుని, "మొదటి నుంచీ ఇద్దరూ నువ్వూ నువ్వూ అనుకుని ఉంటే ఇంత తిప్పలే లేకపోను" అంది. నిజమే. నువ్వులో ఆడా మగా లేదు.

ఆ మాట మీద నాకో అసంతృప్తి ఉండేది, ఇప్పటికీ ఉంది. మగైనా ఆడైనా అనేసరికి ఎదురుగా ఉన్నది ఆడపిల్లేనని చూసే అందరికీ తెలుసు. ధైర్యానికి ధైర్యమూ దక్కింది, ఎవరికీ ఇబ్బందీ లేదు. హాంకాంగ్‌లో ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని చట్టం మారింది 1991లో, సినిమాకి మూడేళ్ల ముందు. అంతకన్నా దూరం పోవడం ఆ రోజుల్లో పెద్ద తారల సినిమాకి కష్టమే కావొచ్చు. కానీ లెస్లీ తన సంగతి తాను దాచుకోలేదు. 1997 జనవరిలో హుంగ్ హోమ్ కొలీసియం కచేరీలో, అంతమంది ముందు, ఒక పాత ప్రేమ పాటని వాళ్లమ్మకీ, తన జీవిత సహచరుడికీ అంకితమిచ్చాడు. అదే కచేరీల్లో ఎర్ర హైహీల్స్ వేసుకుని నాట్యం చేశాడు. టిక్కెట్లు మాకు దొరకలేదు. తర్వాత పోపో వాళ్ల కూతురింట్లో టేపు చూశాం. మా ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలారు. పోపో మాత్రం కాళ్ల వంకే చూస్తూ, నడక బాగా కుదిరిందంది.

ఆ మాట ఎందుకందో అమ్మ వచ్చిన ఆదివారమే అర్థమైంది. సినిమా అయ్యాక పోపో వాళ్లింటికెళ్లి బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చింది. అందులో పత్రికల్లోంచి కత్తిరించిన ఫొటోలు. పాతకాలం చైనా దుస్తుల్లో ఓ యువకుడు, సన్నటి కనుబొమలు, చేతిలో విసనకర్ర.

"ఎంత అందగాడు! ఎవరితను?" అంది అమ్మ.

యామ్ కిమ్‌ఫాయ్. కాంటనీస్ ఒపేరాలో మగ వేషాలకి పేరు మోసిన నటి. బాక్ స్యూత్‌సిన్ అనే ఆమె నాయిక, ఈమె నాయకుడు. 1950లలో వీళ్ల జంట నాటకాలకి హాంకాంగ్ ఆడవాళ్లు విరగబడేవాళ్లట. పోపో, ఫ్యాక్టరీ స్నేహితురాళ్లూ జీతం రోజున చందాలేసుకుని వెళ్లేవాళ్లట. లోకంలో అంత మంచి మొగుడు ఇంకెక్కడా లేడు అంది పోపో. యామ్ కిమ్‌ఫాయ్ 1989లో పోయినప్పుడు మూడు రోజులు వంట చేయలేదట. అంటే మన సినిమాలో వింగ్ కట్టిన వేషం అక్కడ కొత్తదేమీ కాదు. మగ వేషంలో చదువుకోవడానికి వెళ్లిన పిల్ల కథ వాళ్ల ఒపేరాల్లో తరతరాలుగా ఉన్నదే. పోపో ఆ సినిమాని అంత తేలిగ్గా ఎందుకు లోపలికి తీసుకుందో అప్పుడు తెలిసింది. ఆవిడకది పాత చుట్టం.

అమ్మ ఊరుకుంటుందా? మా నాయనమ్మ చూసిన స్థానం నరసింహారావు గారి సంగతి ఎత్తుకుంది. మాది బాపట్ల, ఆయనదీ బాపట్లే. సత్యభామగా ఆయన 'మీరజాలగలడా' అని జడ ముందుకేసుకుని పాడుతుంటే, ఆ చీరకట్టు చూసొచ్చి మా నాయనమ్మ ఇంట్లో కుచ్చిళ్లు సవరించుకునేదట. "మా అత్తగారికి కట్టు నేర్పింది ఓ మగాయన అని చెప్పవే వదినగారికి."

ఇప్పుడు నాకు రెండో రకం చావు. కాంటనీస్‌లో చెప్పాలి. కోయ్ సత్యభామ వేషం వేసింది, కోయ్ చీర భలే కట్టేది. పోపో తలూపుతోంది. ఆడమనిషి ఆడవేషం వేస్తే వింతేముంది అన్నట్టు. ఎంతసేపు చెప్పినా ఎక్కలేదు. చివరికి అమ్మ లేచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పైపెదవి మీద మీసం దువ్వి చూపించి, వెంటనే కొంగు భుజం మీదుగా లాగి, జడ ముందుకేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. పోపో ఒక్క క్షణం చూసి, తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విమానం చప్పుడులో కూడా వినిపించింది.

1998 జులై 6న కైతాక్ మూసేశారు. ఆ మర్నాడు పేటంతా చెవులు దిబ్బళ్లేసినట్టుంది. పాజ్ నొక్కే అలవాటు మాత్రం నాకు చాలా కాలం పోలేదు. ఆ సినిమాకి 1996లోనే రెండో భాగం వచ్చింది, అనిటా మ్యూయి అనే ఇంకో తార కూడా ఉంది, నాకు నచ్చలేదు, పోపోకీ నచ్చలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

2003 వసంతమంతా సార్స్ అనే అంటురోగం భయం. బడులు మూసేశారు. మొహాలకి మాస్కులు. ఇళ్లల్లోంచి ఒకరింటికి ఒకరు పోవడం మానేశాం. పోపోకీ నాకూ మధ్య ఆరడుగుల వసారా, రెండు ఇనుప జాలీ తలుపులు. గిన్నెలు గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగేవాళ్లం.

ఏప్రిల్ 1 రాత్రి జాలీ తలుపు చప్పుడైంది. పోపో మాస్కు కూడా లేకుండా నిలబడి ఉంది. చేతిలో చిన్న రేడియో.

"కోయ్ జౌ జో."

వెళ్లిపోయారు అని. అతనా, ఆమెనా, ఎవరో తెలియదు. కూతురేమో, అల్లుడేమో, ఆస్పత్రిలో ఉన్న చెల్లెలేమో అని నా గుండె జారిపోయింది. ఎవరు పోపో, ఎవరు, అని రెండుసార్లు అడిగాను. "గో గో" అంది. అన్నయ్య అని. ఊరంతా లెస్లీని పిలిచే పేరు అది. ఆ సాయంత్రం సెంట్రల్ అనే పేటలో మాండరిన్ ఓరియంటల్ హోటల్ పై నుంచి దూకేశాడు. నలభై ఆరేళ్లు. ఫూల్స్ డే కదా, ఎవరో ఆడిన చెడ్డ హాస్యమనే చాలామంది అనుకున్నారు. తెల్లారేసరికి ఆ హోటల్ గోడ పక్కన పూలు, మాస్కులు కట్టుకుని మౌనంగా నిలబడ్డ జనం. ఇప్పటికీ ఏటా ఆ రోజున అక్కడ పూలు పెడతారు.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. సార్స్ వార్తలతో అక్కడ ఆవిడకి నిద్ర లేదు, ముందు అందరం బాగున్నామని చెప్పి, తర్వాత ఇది చెప్పాను.

"ఆ పియానో ఆయన పోయాడమ్మా."

"పోయారు అనవే" అంది అమ్మ. కొంచెం ఆగి, "వదినగారు అన్నం తిన్నారా?"

ఫోన్ పెట్టేసి మాస్కు కట్టుకుని వెళ్లి ఎదుటి జాలీ తలుపు కొట్టాను. "సిక్ జో ఫాన్ మేయ్ ఆ, పోపో?"

లోపల రేడియో నడుస్తోంది. చాలాసేపటికి జవాబొచ్చింది.

"మేయ్ సిక్."

తినలేదట. మా ఇంట్లో పెరుగన్నం ఉంది. గిన్నెలో పెట్టి గడప దగ్గర ఉంచి, ఈసారి వెనక్కి జరగలేదు.